అడ్డగీత

పెళ్లయి మూడు నెలలైనా కాకముందే ఓతిల్యాకు రాతిపొడి రుచి తెలిసిపోయింది. మధ్యాహ్నం మొగుడు భోజనానికి వస్తే ముఖం కడుక్కునేదాకా ఆగేది కాదు, గుమ్మంలోనే ముద్దు పెట్టేసుకునేది. వాలెంతి మీసాల్లో నల్లరాతిపొడి ఉండేది. నాలుకకు తగిలితే కొంచెం ఉప్పగా, కొంచెం చల్లగా ఉండేది.

"ఎండలో పడి వచ్చి బావినీళ్లు తాగినట్టుంటుంది" అనేది ఆమె.

"పళ్లు అరిగిపోతాయి. తర్వాత నన్నడక్కు" అనేవాడతను.

పొయ్యి దగ్గర పులిసిన పిండి చారు కలుపుతూ అత్తగారు సలొమేయా వెనక్కి తిరగకుండానే అందుకునేది. "అరిగితే అరగనీరా. చదువుకున్న పిల్ల. పళ్లు లేకపోయినా పుస్తకాలు చప్పరించి బతుకుతుంది."

ఓతిల్యా క్రాకూవ్‌లో పంతులమ్మల చదువు పూర్తిచేసింది. చార్నొవ్ బడిలో ఒక్క ఏడాది పిల్లలకు అక్షరదోషాలు దిద్ది, ఆ ఊరి రాతిపనివాడినే చేసుకుని, బడి వదిలేసింది. దిద్దే అలవాటు మాత్రం వదల్లేదు. పెళ్లికి ముందు వాలెంతి రాసిన ఉత్తరాల్లో అక్షరాలమీద గీతలు ఎగిరిపోయేవి, చుక్కలు దారి తప్పేవి. ప్రేమ ఉత్తరాన్ని దిద్దకూడదని తనకు తానే చెప్పుకుని, ఎర్ర పెన్సిలు దిండుకింద దాచేసి చదువుకునేది. ఇప్పటికీ బజారులో రొట్టెల కొట్టు ముందు నుంచి వెళ్తే ఆమె చెయ్యి దురదపెట్టేది. బోర్డుమీద వాళ్ల భాషలో రాసిన 'రొట్టెలు' అన్న మాటలో ఒక అక్షరానికి అడ్డగీత లేదు. రోజూ చూసేది, రోజూ నిట్టూర్చేది.

"వాడి రొట్టె బాగుంటుందిగా" అనేవాడు వాలెంతి.

"బాగుంటుంది. అదే బాధ."

ఆ ఆగస్టులో వాళ్లిద్దరి ప్రాణం ఒక రాతిపలకమీద ఉంది. చర్చిలో పునీత రోఖ్ పీఠం పక్క గోడకు పెట్టే పలక అది. తిరుగుబాటు జరిగిన ఏడాది జార్ సైనికులకు చిక్కకుండా సరిహద్దు దాటి, ఆ తర్వాత ఏ దేశమూ ఉండనివ్వక, చివరికి ఫ్రాన్సులో ఎక్కడో చనిపోయిన తెయోఫిల్ అనే ఆయన పేరు మీద ఆయన చెల్లెలు పెత్రొనెలా పెట్టిస్తోంది. సమాధి అక్కడే ఉంది. వెళ్లి చూసినవాళ్లు లేరు. ఇక్కడ ఆయనకు మిగిలేది ఈ పలకే. వాలెంతికైతే పెద్దమేస్త్రీ పేరు మీద కాకుండా తన పేరుమీద చేస్తున్న మొదటి రాయి. ఆదివారం రోఖ్ పండుగ. పూజ అవగానే పలకమీది గుడ్డ తీస్తారు.

అక్షరాలు గీసింది ఓతిల్యా. మొగుడి ఉలికి తన రాత తోడవడం ఆమెకు పెళ్లంత సంబరంగా ఉంది. కాగితంమీద ఒక్కో వరుసా గీసి, గీతల వెంట సూదితో చిల్లులు పొడిచి, కాగితాన్ని రాతిమీద పరిచి, సుద్దపొడి మూటతో తట్టేది. కాగితం ఎత్తితే నల్లరాతిమీద తెల్లటి చుక్కల్లో పేరు తేలేది. ప్రతిసారీ ఏదో గారడీ చూసినట్టు చప్పట్లు కొట్టేది.

ఇక చివరి వరుస మిగిలింది. మూలపాఠం పెత్రొనెలా అమ్మగారు సొంత చేత్తో రాసిచ్చిన చీటీ. కళ్లలో పొరలు వచ్చిన మనిషి. అక్షరాలు గట్టుమీద గొర్రెల్లా ఎటుపడితే అటు నడిచాయి. 'ప్రభూ, అతనికి' వరకు బాగానే ఉంది. ఆ తర్వాత మాట దగ్గర ఓతిల్యా ఆగింది.

వాళ్ల భాషలో 'వాస్క' అంటే దేవుడి కృప. 'లాస్క' అంటే చేతికర్ర. రాతలో రెంటికీ తేడా ఒక్కటే. మొదటి అక్షరం నడుముమీద చిన్న అడ్డగీత ఉంటే కృప, లేకపోతే కర్ర. చీటీలో గీత లేదు.

"ఇదిగో చూడు" అంటూ ఆమె చీటీ మొగుడి ముక్కుకింద పెట్టింది. "'ప్రభూ, అతనికి కర్ర దయచేయి' అట."

వాలెంతి వంగి చూసి నవ్వాడు. "పోనీ ఒక గొడుగు కూడా అడగాల్సింది. అక్కడ వానలెక్కువట."

"బూట్లు కూడా."

ఇద్దరూ పలకమీద వాలి కడుపు నొప్పెట్టేలా నవ్వారు. వాలెంతి ముందు తేరుకున్నాడు. "ఒకసారి అడిగొస్తే?"

"దేనికి? పాపం, చూపు ఆనదు, మరిచిపోయి ఉంటారు. దేవుణ్ణి చేతికర్ర అడిగేవాళ్లు ఎక్కడైనా ఉంటారా?"

ఆమె పెన్సిలు తీసి ఆ అక్షరం నడుముకు గీత పెట్టింది. మంచి గీత. కొంచెం వాలుగా, చివర సన్నగా. బడిలో అలాంటి గీత కోసం పిల్లల చేయి పట్టుకుని ఎన్నిసార్లు దిద్దించిందో. సాయంత్రానికి అది రాతిలో ఉంది. వాలెంతి ఉలిని పక్కకు వాల్చి మెల్లగా మూడు దెబ్బలు వేశాడు. నల్లరాతిలో తెగిన చోట బూడిదరంగు మెరిసింది. అతను పొడి ఊదేశాడు. ఆమె వంగి ఇంకోసారి ఊదింది, ఊరికే.

*

శుక్రవారం బంగారు రేకు అతికిస్తుండగా పాలబండి గుమ్మంలో ఆగింది. బండివాడు చెయ్యి అందిస్తే పెత్రొనెలా అమ్మగారు దిగింది. సన్నటి మనిషి. నల్లబట్టలు. చేతిలో పాత కర్ర, పైన పిడి అరిగి అరిగి గుండ్రంగా అయిపోయింది.

"చూద్దామని వచ్చాను నాయనా. చూద్దామని అంటున్నానుగాని చూసేదేముంది, తడిమి వెళ్తాను. బంగారం ఆరిందా?"

"పై వరుసలు ఆరాయమ్మగారూ. కిందిది కూడా ఆరబోతోంది. గట్టిగా రుద్దకండి, అంతే" అన్నాడు వాలెంతి. పరుగున వెళ్లి ఒక పీట తెచ్చి పలక ముందు వేశాడు. ఓతిల్యా చేతులు ఏప్రానుకు తుడుచుకుని పక్కన నిలబడింది. పరీక్ష రాసి ఫలితం కోసం నిలబడ్డట్టు ఉంది, కాని ఈసారి అంతా వచ్చన్న ధైర్యం ఉంది.

పెత్రొనెలా కర్రను ఒళ్లో పెట్టుకుని కుడిచేతి చూపుడువేలు చాపింది. పైనున్న సిలువ దగ్గర మొదలుపెట్టింది. వేలు ప్రతి అక్షరంలోకి దిగి, అంచుల వెంట నడిచి, పైకి వచ్చి, పక్క అక్షరంలోకి దిగింది. అన్న పేరు దగ్గర ఆగింది. మళ్లీ మొదటినుంచి తడిమింది.

"ఎంత చల్లగా ఉంది వాడి పేరు" అంది. "అక్షరాలు ఎవరివి?"

"మా ఆవిడ గీసిందండీ" అన్నాడు వాలెంతి. దాచుకోలేని గర్వం.

"తిన్నగా ఉన్నాయి. చదువుకున్న చెయ్యి."

ఓతిల్యా చెవులదాకా ఎర్రబడింది. వేలు కింది వరుసకు వచ్చింది. ప్రభూ. అతనికి. తర్వాతి అక్షరంలోకి దిగి, నడుము దగ్గర టక్కున ఆగింది. వెనక్కి వెళ్లింది. మళ్లీ వచ్చింది. గీత ఒక కొసనుంచి రెండో కొసకు, రెండో కొసనుంచి మొదటి కొసకు.

"ఇదేమిటి?"

"ఏదండీ?"

"ఈ గీత."

ఓతిల్యా గొంతు సవరించుకుంది. "అది కృపలోని గీతండి."

"కృప అని ఎవరన్నారు? నేను కర్ర అని రాశాను."

కొలిమి దగ్గర కట్టేసిన మేక ఒక్కసారి అరిచి ఊరుకుంది. పెత్రొనెలా ఒళ్లోంచి కర్ర తీసి నేలమీద నిలబెట్టింది.

"ఇది వాడిదే. మోకాలికి గుండు తగిలాక దీనిమీదే నడిచేవాడు. కుంటివాడు, చేతిలో కర్ర, అని దండోరా వేశారు వాణ్ణి పట్టుకోవడానికి. అందుకని సరిహద్దు దగ్గర గడ్డిబండి దిగి కర్ర నా చేతికిచ్చాడు. గడ్డి అమ్ముకునేవాడిలా సైనికుల ముందునుంచి కర్ర లేకుండా, కుంటకుండా నడిచాడు. కుంటలేదమ్మాయ్. నేను బండిమీద కూర్చుని చూస్తున్నాను. వంతెన అవతలికి వెళ్లాక తిరిగి చూడలేదు. తర్వాత పంపు అన్నాడు వెళ్తూ. ఎక్కడికి పంపను? ఒక ఊరినుంచి ఉత్తరం వచ్చేసరికి వాడు ఇంకో ఊళ్లో ఉండేవాడు."

వాలెంతి టోపీ తీసి చేతుల్లో తిప్పాడు. ఓ క్షణం పెళ్లాం వైపు చూసి, చూపు తిప్పేసుకుని, "నా ఉలి జారిందమ్మగారూ" అన్నాడు.

"జారిన ఉలి ఇంత అందంగా జారదులే నాయనా." పెత్రొనెలా లేచింది. "రాయి కాగితం కాదుగా, చెరిపి రాయడానికి. పోనీలెండి. కృప కూడా మంచిదే. దాన్ని కాదనేదాన్ని నేనెవర్ని."

బండి ఎక్కేటప్పుడు కర్ర కాస్త తడబడింది. బండివాడు పట్టుకున్నాడు.

*

"అడుగుదామని నువ్వన్నావు" అంది ఓతిల్యా. పనిగది గడపమీద కూర్చుని మోకాళ్లు చుట్టేసుకుంది. ఏడవడం లేదు, కాని ముక్కు చీదుతోంది.

"ఆ గొడుగు మాట అన్నది కూడా నేనేలే."

"నీ పేరుమీద మొదటి రాయి. దానిమీద నా గీత."

వాలెంతి వచ్చి పక్కన ఒదిగి కూర్చున్నాడు. రాతిపొడి చేతితోనే ఆమె ముక్కు తుడిచాడు. ఆమె ముఖంమీద నల్లచార పడింది. అతనికి నవ్వొచ్చింది. నవ్వకుండా ఉండడానికి పైకప్పు చూశాడు.

"నువ్వు నవ్వుతున్నావు."

"లేదు. ఆలోచిస్తున్నాను. ఆ గీతలోని బంగారం గీకేసి లక్క నింపొచ్చు. లక్కలో దీపపు మసి, ఈ రాతి పొడే కలిపి, కాచి పోసి నునుపు చేస్తే నల్లమీద నలుపు. కనబడదు. వేలికీ తగలదు."

ఓతిల్యా చప్పున తలెత్తింది. "ఎంతకాలం ఉంటుంది?"

"ఆ గోడకి చెమ్మెక్కువ. పదేళ్లో, ఇరవయ్యేళ్లో. ఆ తర్వాత ఎండి పెచ్చులూడిపోతుంది. రాతిని ఉలి తిన్నాక మళ్లీ పూడ్చే మందు లేదు, ఓతిల్యా. దాచొచ్చు, అంతే."

"ఆవిడకు చెప్పకుండా నింపేస్తే?"

"నింపేయొచ్చు. సంతోషపడతారు."

ఓతిల్యా ఆ మాటను నోట్లో కాసేపు తిప్పింది. రుచించలేదు. "ఒకసారి అడక్కుండా ఆవిడ మాట దిద్దాను. ఇప్పుడు మళ్లీ అడక్కుండా దిద్దమంటావా?"

వంటింట్లోంచి అంతా వింటున్న సలొమేయా ఒక మూట పట్టుకుని వచ్చింది. అందులో రొట్టె, పండిన నీలం రేగుపళ్లు. కోడలి ఒళ్లో పడేసింది.

"వెళ్లు. తిట్లు తినడానికి ఖాళీ కడుపుతో వెళ్లకూడదు. దారిలో తిను."

"అత్తయ్యా, నాతో వస్తారా?"

"నేనెందుకు? నాకు చదవడమే రాదు, తప్పు రాయడం ఇంకెలా వస్తుంది? ఆ ముఖం మాత్రం కడుక్కుని వెళ్లు. పొగగొట్టంలోంచి దిగినట్టున్నావు."

*

పెత్రొనెలా అమ్మగారు ఉండేది చర్చి వెనక, ఆర్గన్ వాయించే ఆయన ఇంటి పక్కగదిలో. ఓతిల్యా వెళ్లేసరికి కిటికీ దగ్గర కూర్చుని చిక్కుడు గింజలు వలుస్తోంది. చూపుతో పనిలేదు. బొటనవేలు తొక్క చీల్చి, గింజలను గిన్నెలోకి రాల్చుతోంది. పెదవులు కదులుతున్నాయి. జపమాల మణికట్టుకు చుట్టి ఉంది.

"ఎవరు?"

"నేనండి. రాతిపనివాళ్ల కోడల్ని. ఓతిల్యాని."

"కూర్చో పిల్లా. ఆ బుట్ట జరుపు."

ఓతిల్యా కూర్చోలేదు. దారంతా వల్లెవేసుకున్న వాక్యాలు ఒక్కటీ నోటికి రాలేదు. "ఆ గీత నాది. మీరు మరిచిపోయారనుకున్నాను. మా ఆయన మిమ్మల్ని అడుగుదామన్నాడు. నేనే అక్కర్లేదన్నాను. ఉలి జారలేదు. నన్ను క్షమించండి."

గింజలు వలిచే వేళ్లు ఆగాయి. "నీదా?"

"అవునండి."

"మన చర్చి ఫాదర్ ఇజిదోర్ కాదా? చీటీ ముందు ఆయనే చూశారుగా."

"కాదండి. ఆయనకేమీ తెలీదు."

పెత్రొనెలా ముఖం కిటికీ వైపు తిప్పుకుంది. "అయ్యో దేవుడా. ఇంటికొచ్చినప్పటినుంచీ ఆయన్ని తిడుతున్నాను. జపమాలమీదే. ఒక్కో పూసకు ఒక్కో తిట్టు."

ఓతిల్యాకు నవ్వాలో ఏడవాలో తెలియలేదు. "పూసలన్నీ అయిపోయాయాండీ?"

"రెండో చుట్టులో ఉన్నాను. ఇప్పుడవన్నీ వెనక్కి తీసుకోవాలి." ఆవిడ పక్కనున్న బల్లను తట్టింది. "కూర్చోమన్నానా. చేతులు ఖాళీగా ఉన్నాయిగా. వలువు."

ఓతిల్యా కూర్చుని ఒక కాయ తీసుకుంది. ఇద్దరూ వలుస్తూ ఉన్నారు. కాసేపటికి ఓతిల్యా లక్క సంగతి చెప్పింది. మసి, రాతిపొడి, ఎలా కాచి పోస్తారో అంతా. వేలికి తగలదని కూడా చెప్పింది. అక్కడితో ఆపేయొచ్చు. ఆవిడ ముఖం అప్పటికే వికసిస్తోంది. కాని ఓతిల్యా ఆపలేదు.

"కాని శాశ్వతం కాదండి. గోడ చెమ్మకు పదేళ్లకో ఇరవయ్యేళ్లకో ఊడిపోతుంది. చెప్పకుండా చేస్తే మళ్లీ మోసమవుతుందని వచ్చాను."

పెత్రొనెలా చేతిలోని కాయ సగం చీలి ఆగిపోయింది. "ఊడిపోతే?"

"గీత బయటపడుతుంది."

"అంటే కృప అవుతుంది."

"అవునండి. ఎంత బాగా నింపినా చివరికి కృపే అవుతుంది. ఏం చెయ్యలేం."

ఆవిడ భుజాలు కదిలాయి. ఆవిడ ఏడుస్తోందేమోనని ఓతిల్యా భయపడి లేచింది. తీరా చూస్తే నవ్వు. గొంతులోంచి చిన్నగా మొదలై, ఒళ్లోని గిన్నె అదిరేదాకా పెరిగింది. గింజలు నేలంతా దొర్లాయి. ఓతిల్యా మోకాళ్లమీద కూర్చుని మంచంకింద, పొయ్యికింద ఏరుతూ ఉంటే పైనుంచి నవ్వు వినిపిస్తూనే ఉంది. ఎందుకు నవ్వుతోందో అర్థం కాకపోయినా ఆమెకూ నవ్వొచ్చేసింది.

"నింపండి" అంది పెత్రొనెలా కళ్లు తుడుచుకుంటూ. "మీ ఆయనతో నింపమని చెప్పు. ఫాదర్‌కి కూడా చెప్పు, దాచొద్దు. లేకపోతే నేను తిట్టిన తిట్లన్నీ వృథా పోతాయి."

*

శనివారం పలకను గోడకెక్కించారు. పక్కనే రోఖ్ పునీతుని బొమ్మ. ఒక చేతిలో పొడవాటి కర్ర, కాళ్ల దగ్గర నోట్లో రొట్టెతో కుక్క. వాలెంతి సన్నటి ఉలితో ఆ ఒక్క గీతలోని బంగారం గీకేశాడు. ఓతిల్యా చిన్న కుంపటిమీద లక్క కాచింది. నల్లటి ముద్ద మెత్తబడి మెరుస్తూ ఉంటే అతను వేడి ఇనుపపుల్లతో కొంచెం కొంచెంగా గీతలో నింపాడు. ఇద్దరి తలలు పలక ముందు దగ్గరగా ఉన్నాయి. "ఊదనా?" అంది ఆమె. "ఊదకు. నువ్వు ఊదితే దేనికైనా గీతొస్తుంది" అన్నాడతను. ఆమె మోచేత్తో పొడిచింది.

"ఎవరి ఉత్తరానికైనా ముద్ర వేస్తున్నారా ఏమిటి, ఇంత లక్క వాసన?" అంటూ ఫాదర్ ఇజిదోర్ పక్క తలుపులోంచి వచ్చారు. బొద్దుగా, మందపాటి కళ్లద్దాలతో ఉంటారు. ఓతిల్యా లేచి నిలబడి, ఊపిరి పీల్చుకుని, మొదటినుంచీ చెప్పింది. ఫాదర్ వింటూ వింటూ అద్దాలు తీసి తుడిచి పెట్టుకున్నారు. మళ్లీ తీసి తుడిచారు.

"అనుమతికోసం బిషప్ గారి కార్యాలయానికి నేను పంపిన నకల్లో కృప అని ఉంది" అన్నారు నెమ్మదిగా.

"అయ్యో. ఎందుకండీ?"

"ఎందుకేమిటమ్మా. చీటీ చూసి నకలు రాసింది నేను. నాకు గీత కనబడింది. లేని గీత. ఇన్నేళ్లుగా కృప, కృప అని ప్రసంగాలు చేస్తున్నాను, చెయ్యి దానంతటదే పెట్టేసింది." ఆయన దీర్ఘంగా నిట్టూర్చారు. "అంటే తప్పులో నాకూ వాటా ఉంది."

ఓతిల్యాకు ముందురోజునుంచీ గుండెమీద ఉన్న పలక ఒక్కసారిగా సగం తేలికైంది. ఒకరి తప్పు విని ఇంత హాయిగా ఉండకూడదని తెలుసు. అయినా ఉంది. పెత్రొనెలా తిట్లు పూర్తిగా వృథా పోలేదన్న సంగతి మాత్రం ఫాదర్‌కు చెప్పలేదు.

"మరి ఇప్పుడు బిషప్ గారు ఒప్పుకున్నది కృప" అన్నాడు వాలెంతి ఇనుపపుల్ల చేతిలో పట్టుకుని. "గోడమీద ఉండబోయేది కర్ర. ఆపమంటారా ఫాదర్ గారూ?"

ఫాదర్ పలకకు ముక్కు ఆనించి చూశారు. "ఈ లక్క కింద గీత ఉందిగా?"

"ఉందండి. తీయలేం."

"అయితే రాతిలో కృపే ఉంది. నేను అబద్ధమాడలేదు." ఆయన రోఖ్ పునీతుని వైపు తలెత్తారు. "ఈయన కర్ర ముందు నేనిన్నాళ్లుగా కొవ్వొత్తులు వెలిగిస్తున్నాను. ఇంకొకరికి ఒక కర్ర అడిగితే ఈయన అడ్డుపడడు. కానివ్వు వాలెంతి. వేడి ఆరిపోతోంది."

*

ఆదివారం చర్చి కిటకిటలాడింది. రాతిగనుల్లో పనిచేసేవాళ్లు చేతిగోళ్లలోని నల్లపొడి ఎంత తోమినా పోక చేతులు వెనక్కి పెట్టుకుని నిలబడ్డారు. ఆడవాళ్ల చేతుల్లో గోధుమకంకులు, పుదీనా, అడవిపూల కట్టలు. పూజ అయ్యాక అందరూ రోఖ్ పీఠం వైపు ఒత్తుకుని వచ్చారు. వాలెంతి కొత్త చొక్కా వేసుకున్నాడు. మెడపట్టీ బిగుతై కోడిలా మెడ తిప్పుతున్నాడు. ఓతిల్యా అతని చిటికెనవేలు పట్టుకుని నిలబడింది.

పెత్రొనెలా గుడ్డ లాగింది. నల్లరాతిమీద బంగారు అక్షరాలు కొవ్వొత్తుల వెలుగులో ఒక్కసారి ఊపిరి పీల్చుకున్నట్టు వెలిగాయి. ఎవరో వెనకనుంచి "అబ్బ" అన్నారు. సలొమేయా పక్కావిడతో, "అక్షరాలు మా కోడలివి" అంది, చర్చిలో మాట్లాడకూడదని తనే ఎప్పుడూ అనే మనిషి.

పలకమీది మాటలు ఫాదర్ పైకి చదవాలి. పేరు చదివారు. ప్రవాసంలో మరణించినట్టు, పరాయి మట్టిలో ఉన్నట్టు చదివారు. "ప్రభూ, అతనికి" అన్నారు. అక్కడ ఆయనకు దగ్గు వచ్చింది. బిషప్ గారి మాట ఒక పక్క, గోడమీది మాట ఒక పక్క. దగ్గు తగ్గలేదు. ఓతిల్యా మొగుడి వేలు నలిపేసింది.

"కర్ర దయచేయి" అంది పెత్రొనెలా. గట్టిగా ఏమీ కాదు. ఇంట్లో ఎవరినో మంచినీళ్లు అడిగినట్టు అంది.

గుంపులో చిన్న కలకలం లేచింది. ఒక కుర్రాడు కిసుక్కుమన్నాడు. ముందు వరుసలో ఉన్న ముసలాయన ఒకాయన, గనిలో కాలు విరిగినవాడు, తన చేతికర్ర వైపు చూసుకుని తల ఊపాడు. "ఇంతవరకు దేవుణ్ణి ఎవరూ ఇంత సూటిగా అడగలేదు" అని గొణిగాడు. "ఆమెన్" అన్నారు ఫాదర్ గభాలున, దగ్గు ఠక్కున ఆగిపోయి. అందరూ ఆమెన్ అన్నారు.

జనం పల్చబడ్డాక పెత్రొనెలా వేలు చాపింది. పేరంతా తడిమి చివరి వరుసకు వచ్చింది. ఆ అక్షరంలోకి దిగింది, నిలువుగా నడిచింది, నడుము దగ్గర ఆగింది. నునుపు. పక్కకు జరిగింది. నునుపే. వేలు అక్కడే చాలాసేపు ఉండిపోయింది.

ఓతిల్యా మెల్లగా దగ్గరికి వచ్చింది. "లక్క ఊడేదాకానేనండి" అంది. మళ్లీ చెప్పకపోతే మనసొప్పలేదు.

"ఊడనీ. నేనేం దిగులుపడుతున్నానా?" ఆవిడ ముఖం పలకకేసే ఉంది. "ముందు కర్ర. అంత దూరంనుంచి కుంటికాలితో నడిచి రావాలి వాడు. పదేళ్లు పడుతుందో ఇరవయ్యేళ్లు పడుతుందో. వచ్చి, కూర్చుని, కాలు చాపుకున్నాక, అప్పుడు కృప. మీ ఆయన లెక్క సరిగ్గానే ఉంది."

గింజలు దొర్లిపోయేలా ఆవిడ ఎందుకు నవ్విందో ఓతిల్యాకు అప్పుడు తెలిసింది.

పెత్రొనెలా తన చేతిలోని కర్రను పలక కింద గోడకు ఆనించింది. జారకుండా రోఖ్ కుక్క పాదం సందులో దాని కొన పెట్టింది. ఓసారి తడిమి చూసుకుంది.

"మరి మీకో?" అంది ఓతిల్యా.

"నీ చెయ్యి ఇటివ్వు. జాగ్రత్తగా పట్టుకోవాలి, దీనికి ఎక్కడపడితే అక్కడ గీతలు పెట్టే రోగముంది."

ఇద్దరూ చెయ్యీ చెయ్యీ పట్టుకుని బయటికి వచ్చారు. వాలెంతి వెనకనే మెడపట్టీ విప్పేసి చేతిలో ఊపుకుంటూ నడిచాడు. వీధంతా ఎండ, పుదీనా వాసన, అప్పుడే దింపిన రొట్టెల వాసన. రొట్టెల కొట్టు ముందుకు రాగానే ఓతిల్యా అడుగు నెమ్మదించింది.

"ఏమైంది?" అంది పెత్రొనెలా.

"ఏం లేదండి. ఒక్క నిమిషం."

కొట్టాయన గుమ్మంలో పిండి చేతులు దులుపుకుంటున్నాడు. ఓతిల్యా చాలా మర్యాదగా, ఏడాదినుంచీ గొంతులో ఉన్న ప్రశ్న అడిగింది. "మీ బోర్డుమీద ఆ అక్షరానికి అడ్డగీత లేదండి. కావాలనే వదిలేశారా? ఏదైనా కారణం ఉందా?"

కొట్టాయన బయటికి వచ్చి, తల వెనక్కి వాల్చి, తన బోర్డును మొదటిసారి చూస్తున్నట్టు చూశాడు.

"కారణమా అమ్మగారూ? రంగు అయిపోయింది."